కొలంబా, కొలంబానస్ ఒకరేనా? క్రైస్తవ దేశానికి మిషనరీ ఎందుకు?

బాటసారి (ప్రశ్న)

మొన్న ఇటలీలో బోబియో అనే చిన్న ఊరు చూసొచ్చాను. నిజం చెప్పాలంటే త్రెబ్బియా నది మీదున్న గూని వంతెన దగ్గర ఫొటోల కోసం వెళ్లాను. అక్కడి చర్చి నేలమాళిగలో 615లో చనిపోయిన కొలంబానస్ అనే ఐరిష్ సన్యాసి సమాధి ఉంది. స్కాట్లండ్ అయోనా ద్వీపంలో ఉన్న కొలంబా ఈయనేనా? ఇంకో అనుమానం. ఆయన వచ్చేసరికే ఫ్రాన్స్ వైపు చర్చిలున్నాయి, బిషప్పులున్నారు, రాజులు కూడా క్రైస్తవులే. మరి ఈయన ఎవరికి బోధించడానికి వచ్చినట్టు?

పావురాలగూడు

వేరు వేరు మనుషులండీ. అయోనా కొలంబా 597లోనే పోయాడు. లాటిన్‌లో కొలంబా అంటే పావురం, అందుకే ఈ తికమక. తమాషా ఏమిటంటే, కొలంబానస్ జీవితచరిత్ర రాసిన సన్యాసి పేరు జోనాస్. హీబ్రూలో ఆ పేరుకూ పావురమనే అర్థం.

పాతకాగితాలు

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. స్విట్జర్లండ్‌లో సాంక్ట్ గాలెన్ అనే ఊరి దగ్గర నాలుగేళ్లు ఉద్యోగం చేశాను, ఆ పుణ్యాన ఈయన పిచ్చి పట్టింది.

మతం మార్చాలని కాదు, ప్రధానంగా పరదేశిగా బతకాలని బయల్దేరాడు. అప్పటి ఐర్లండ్‌లో సొంత తెగ దాటితే మనిషికి అండ ఉండదు. దేవుడి కోసం దాన్ని కోరి తెచ్చుకోవడమే వాళ్ల దృష్టిలో గొప్ప తపస్సు. ఇంట్లోంచి వెళ్తుంటే తల్లి గడపకు అడ్డంగా పడుకుందనీ, ఆమెను దాటుకుని వెళ్లిపోయాడనీ జోనాస్ రాశాడు. ఎన్నిసార్లు చదివినా నాకు ఆ తల్లి మీదే జాలి.

ఐర్లండ్‌లోని బాంగర్ మఠంలో ఏళ్ల తరబడి ఉండి, 590 ప్రాంతంలో పన్నెండు మందితో సముద్రం దాటాడు. ఇప్పటి తూర్పు ఫ్రాన్స్ వైపున్న బర్గండీ రాజ్యంలో, పాడుబడ్డ రోమన్ కోట ఉన్న అనెగ్రేలో మొదటి మఠం, ఆ తర్వాత లుక్సోయ్‌లో పెద్దది. జనం వెతుక్కుంటూ వచ్చారు. అప్పటిదాకా ఘోర పాపానికి అందరి ముందూ ప్రాయశ్చిత్తం, అదీ జన్మకోసారి. ఐరిష్ సన్యాసుల దగ్గర పాపాలు చాటుగా చెప్పుకోవచ్చు, ఎన్నిసార్లయినా చెప్పుకోవచ్చు, ఏ తప్పుకు ఎంత ఉపవాసమో లెక్క రాసి ఉంటుంది. చిన్నప్పుడు చర్చిలో ఫాదర్‌కు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం లైన్లో నిలబడి తెగ టెన్షన్ పడేవాణ్ణి. ఆ లైను మొదలవడంలో ఈయన చెయ్యి కూడా ఉందని అప్పుడు తెలిస్తే బాగా తిట్టుకునేవాణ్ణి.

మనిషి మాత్రం మహా కఠినుడు. భోజనంలో చెంచా మీద సిలువ గుర్తు వేయకపోతే ఆరు దెబ్బలు! బర్గండీ రాజు థియుడెరిక్‌కు ఉంపుడుగత్తెల వల్ల పుట్టిన కొడుకులను దీవించమంటే ససేమిరా అన్నాడు. దాంతో రాజు నాయనమ్మ బ్రున్‌హిల్డా పగబట్టింది. 610లో దేశం నుంచి గెంటేశారు. ఫ్రాన్స్ పడమటి వైపు నాంత్ రేవులో ఐర్లండ్‌కు ఓడ ఎక్కించబోతే అలలు దాన్ని ఒడ్డుకే తోసేశాయట. అలా ఐర్లండ్ ప్రయాణం తప్పి, తర్వాత రైన్ నది మీదుగా ఇప్పటి ఆస్ట్రియాలోని బ్రెగెంజ్ చేరాడు. బాటసారి గారూ, మీరు అడిగిన బోధన అంటే ఇక్కడే, విగ్రహారాధకుల మధ్య. 612లో ఆల్ప్స్ దాటబోతుంటే శిష్యుడు గాల్ జ్వరంతో రాలేనన్నాడు. నాటకమనుకుని, నేను బతికుండగా నువ్వు పూజ చేయడానికి వీల్లేదన్నాడు గురువు. చివరికి చనిపోయే ముందు క్షమించి తన చేతికర్ర పంపాడని గాల్ జీవితకథలో ఉంది. ఆ గాల్ పేరే సాంక్ట్ గాలెన్.

సందేహాలరాజు

కథ బాగుంది గానీ కొంచెం తగ్గించుకోవాలి. సాంక్ట్ గాలెన్ మఠం పెట్టింది ఓట్మార్, 719లో. అంటే గాల్ అక్కడ స్థిరపడి వందేళ్లు దాటాక. లుక్సోయ్ కూడా తర్వాత ఈయన నియమాలు వదిలి, ఇటలీ సన్యాసి బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళికే వెళ్లిపోయింది. 1950లో ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఈయన్ని ఐక్య యూరప్ కట్టేవాళ్లందరి పాలక పునీతుడు, అంటే వాళ్లను కాపాడే పునీతుడు అన్నాడు. కానీ ఈస్టర్ పండగ తేదీని ఐరిష్ పద్ధతిలోనే లెక్కకట్టి, పక్క బిషప్పులతో కూడా పొసగని మనిషండీ!

పాతకాగితాలు

ఒప్పుకుంటాను. అయితే ఆ గొడవలోనే 603లో బిషప్పులకు ఉత్తరం రాస్తూ, చనిపోయిన మా పదిహేడుమంది సోదరుల ఎముకల పక్కన ఈ అడవిలో మమ్మల్ని బతకనివ్వండని అడిగాడు. అది చదివాక మొండివాడని కొట్టిపారేయలేను.

వారసత్వం అంటే నాకు మాత్రం పుస్తకాల అంచులే. బోబియో, సాంక్ట్ గాలెన్ రాతప్రతుల్లో లాటిన్ పాఠం పక్కన పాత ఐరిష్‌లో చిన్న చిన్న అక్షరాలతో అర్థాలు రాసుకున్నారు. జర్మన్ పండితుడు జోయిస్ 1853లో ఆ భాష వ్యాకరణాన్ని ఇలాంటి రాతల నుంచే కట్టాడు. బోబియో ప్రతుల్లో ఒకదాంట్లో క్రైస్తవ పండితుడు అగస్టీన్ వ్యాఖ్యానం కింద, చెరిపేసిన రోమన్ రచయిత సిసిరో రాజ్యతంత్ర గ్రంథం 1819లో బయటపడింది.

బాటసారి

అయ్యో, నేను వంతెన చూసి వచ్చేశాను. సాంక్ట్ గాలెన్ గ్రంథాలయంలోకి మామూలు మనుషుల్ని రానిస్తారా?

పాతకాగితాలు

నిక్షేపంగా. బూట్ల మీద పెద్ద ఉన్ని చెప్పులు తొడుక్కుని చెక్క నేల మీద జారుకుంటూ నడవాలి, అంతే.