కాకినాడ బీచ్ రోడ్డు మీద పొద్దున పూట బళ్ళు ఆపాలా?

తెల్లారిపరుగు:
కాకినాడలో ఆరేళ్ళుగా పరిగెడుతున్నాను. నేను అడిగేది ఒక్కటే. వాకలపూడి దగ్గర్నుంచి ఉప్పాడ వైపు వెళ్ళే బీచ్ రోడ్డు మీద రోజూ పొద్దున 5 నుంచి 7 దాకా బళ్ళు ఆపాలి. విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకి వదులుతారు. మన ఊళ్ళో ఎందుకు కుదరదు? పార్కులు నడకకి బాగుంటాయి కానీ, 10 కిలోమీటర్లు పరిగెత్తాలంటే ఎదురొచ్చే పెద్దవాళ్ళని తప్పించుకోవడంతోనే సరిపోతుంది. మొన్న చీకట్లో వెనకనుంచి ఒక లారీ నా మోచేతికి జానెడు దూరంలో పోయింది. ఇంటికొచ్చాక కూడా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. అంత మంచి రోడ్డు, పక్కనే సముద్రం. రెండు గంటలు మనకి వదిలితే ఎవరికి నష్టమండీ?

ఉప్పాడమనిషి:
మాకు నష్టమండీ. పడవలు ఒడ్డుకి చేరేదీ, చేపలు ఐసులో పెట్టి ఆటోల్లో టౌనుకి పంపేదీ ఆ వేళకే. మా ఆడవాళ్ళు గంపలతో అదే రోడ్డు మీద వెళ్ళి 7 లోపు బజారులో కూర్చోవాలి. ఎండెక్కాక వెళ్తే సగం ధరకి అడుగుతారు. మీకు అది పరుగు, మాకు ఆ రోజు కూలి.

ఇంకో మాట. ఆ రోడ్డు ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం మాకు లేదు. కాకినాడ వైపు హోప్ ఐలాండ్ అడ్డుంది కాబట్టి అలలు పెద్దగా ఉండవు. 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ అది. ఇటు మాకు ఏ అడ్డూ లేదు. సముద్రం మా ఇళ్ళనీ గుళ్ళనీ కొట్టుకుపోయింది. ఒడ్డున ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాల్లాంటివి వేశారు, అలలకి అవీ దెబ్బతిన్నాయి. తుపాను వస్తే రోడ్డు తెగుతుంది, అప్పుడు పిఠాపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్తాం. రోడ్డు బాగున్న నాలుగు రోజులైనా మా బళ్ళు తిరగనివ్వండి.

కాలవగట్టు:
అసలు బీచ్ రోడ్డు కోసం ఈ తగువు ఎందుకండీ? డెల్టాలో పుట్టినవాళ్ళం, మన చుట్టూ ఉన్నవి కాలవ గట్లు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన తర్వాత, ఈ కాలవల మీద పడవలు కూడా నడిచాయి. గట్టు అంటే కిలోమీటర్ల కొద్దీ ఎత్తుపల్లాల్లేని మట్టి దారి. సామర్లకోట, బిక్కవోలు, అనపర్తి మీదుగా రాజమండ్రి వెళ్ళే కెనాల్ రోడ్డు గురించి కాదు నేను చెప్పేది. అక్కడ బస్సులూ ట్రాక్టర్లూ ఊపిరాడనివ్వవు. పిల్ల కాలవల మీద, తారు పడని గట్ల గురించి.

బీచ్‌లో పొద్దున్నే చల్లగాలి ఉంటుందని అందరూ అనుకుంటారు. రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం మీదికి పోతుంది. సముద్రపు గాలి మొదలయ్యేది ఎండెక్కాకే. వేసవిలో ఆ ఉక్కలో చెమట కారుతుందే గాని ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది! పైగా బీచ్ ఇసుక వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుకి పరిగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. రెండేళ్ళ కిందట నాకు మోకాలి బయటి పక్క నొప్పి అలాగే వచ్చింది. గట్టెక్కాకే తగ్గింది.

భానుగుడి:
మీ ముగ్గురూ మగవాళ్ళనుకుంటాను. ఐదింటికి, చీకట్లో, ఒక్క దీపం లేని కాలవ గట్టు మీద నేను పరిగెత్తగలనా? మట్టి మెత్తగా ఉంటుంది, నిజమే. నాకు మట్టికంటే ముందు మనుషులు కావాలి. నేనూ మా వదినా కాలేజీ గ్రౌండులో పరిగెడతాం. చుట్టు 400 మీటర్లు, 25 చుట్లయితే 10 కిలోమీటర్లు. లెక్క తప్పకుండా 25 చింతగింజలు కుడి జేబులో వేసుకుని, చుట్టుకొకటి ఎడమ జేబులోకి మారుస్తాను. విసుగ్గా ఉంటుందా అంటే ఉంటుంది. కానీ అక్కడ లైట్లున్నాయి, తాగడానికి నీళ్ళున్నాయి. రెండు రోజులు కనపడకపోతే "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగే మాస్టారున్నారు. ఎక్కడ పరిగెత్తాలి అనే చర్చలో ఈ మాట మొదట రావాలి. నాలుగో మనిషిగా నేను వచ్చి గుర్తు చేస్తే గాని రాలేదు.

కాలవగట్టు:
మీరు చెప్పింది నిజమేనమ్మా. నాకు ఆ ఆలోచనే రాలేదు. మా అమ్మాయిని పంపుతానా అని నన్ను నేను ప్రశ్నించుకుంటే పంపనని నాకే తెలుస్తోంది.

రబీరైతు:
మాది కరప దగ్గర. గట్ల మీద పరిగెత్తేవాళ్ళకి ఒక విన్నపం. నవంబరు చివర్నుంచి డిసెంబరు దాకా, మళ్ళీ ఏప్రిల్లో, గట్ల మీదా పుంత రోడ్ల మీదా ధాన్యం ఆరబోసుకుంటాం. మాకు కళ్ళాలు చాలవు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర ఒప్పుకోరు. బూట్లతో ధాన్యంలోంచి వెళ్ళకండి, అంచు వెంట వెళ్ళండి. ధాన్యానికి ఎలుకలొస్తాయి, ఎలుకలకి పాములొస్తాయి. చీకట్లో లైటు లేకుండా గట్టెక్కడం వద్దు, కట్లపాము రాత్రే తిరుగుతుంది. వానలు పడితే ఒండ్రు మట్టి సబ్బులా జారుతుంది. కాలవ నిండుగా ఉన్నప్పుడు జారారంటే పట్టుకోవడానికి గడ్డి కూడా దొరకదు.

తెల్లారిపరుగు:
ఉప్పాడ వారి మాట రాత్రంతా మనసులో తిరిగింది. చేపల ఆటోల సంగతి తెలియక కాదు, పట్టించుకోక అలా రాశాను. రోజూ రెండు గంటలు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇసుక మీద పరిగెడదామంటే, సముద్రం వెనక్కి తగ్గి పాటు ఉన్నప్పుడు తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పోటు వచ్చేసరికి మెత్తటి ఇసుకే మిగులుతుంది. పాటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, ఈ వారం కుదిరిన టైము వచ్చే వారం కుదరదు. ఆఫీసుకి వెళ్ళేవాడికి అది కష్టం. అందుకే ఇలా అడుగుతాను: వారానికి ఒక్క ఆదివారం, బీచ్ పార్కు పక్కన ఉన్న 2 కిలోమీటర్ల ముక్క మాత్రం.

ఉప్పాడమనిషి:
ఆదివారమే అసలు బేరమండీ. వారం మొత్తంలో ఎక్కువ చేప పోయేది ఆ పొద్దునే.

శనివారం అడగండి. ఆ రోజు చాలా ఇళ్ళల్లో నీసు వండరు, బేరం పలచగా ఉంటుంది. అయినా ఆటోలకి ఒక పక్క దారి వదలాలి. అలివి వల లాగేటప్పుడు ఒడ్డున తాళ్ళుంటాయి, ఇసుకలోకి దిగేవాళ్ళు వాటిని తొక్కకుండా చూసుకోవాలి. ఈ రెండూ ఒప్పుకుంటే మా వాళ్ళతో నేను మాట్లాడతాను.

తెల్లారిపరుగు:
ఒప్పుకుంటానండీ. అర్జీ రాస్తాను. ఆటోల దారి సంగతి మొదటి వాక్యంలోనే పెడతాను. పంపేముందు మీరొకసారి చదవాలి.

భానుగుడి:
అందులో లైట్ల సంగతి కూడా రాయండి. పార్కు దాటాక స్తంభాలున్నాయి కానీ సగం వెలగవు. అవి వెలిగితే శనివారం నేనూ వదినా వస్తాం.