అప్‌డేట్: అలైనర్లు, కదిలే పన్ను, చిగుళ్ల రక్తం

అలైనర్లు (వంకర పళ్లను మెల్లగా వరుసలోకి జరిపే ప్లాస్టిక్ ట్రేలు) పెట్టుకున్న మూడో వారానికే కింది పన్ను కదులుతోందని, తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని పోయిన నెల అడిగాను. కర్నూలులో దంతవైద్యురాలికి చూపించుకున్నాను. పన్ను కొద్దిగా కదలడం మామూలేనట. ట్రే నెట్టే వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. ఒక్కో ట్రే జరిపేది మహా అయితే పావు మిల్లీమీటరు!

రక్తానికి కారణం మాత్రం నా బద్ధకమే. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని, నోరు పుక్కిలించి ట్రే బిగించేసేవాణ్ణి. అద్దంలో చూపించారు: చిగురు అంచున పసుప్పచ్చటి పాచి, అందులో ఇరుక్కున్న మిరపగింజ. సిగ్గేసింది. పాచి తీసి, గుచ్చుకుంటున్న ట్రే అంచును నున్నగా అరగదీశారు. ఇప్పుడు తిన్న ప్రతిసారీ తోముకుంటున్నాను. ట్రే రోజుకు 22 గంటలు నోట్లోనే. పది రోజులకు రక్తం ఆగింది. బజ్జీ మానలేదు.