అప్‌డేట్: మొత్తానికి గేర్ బండి కదిలింది

నెల కింద అడిగిన కదా, అయిదడుగులే ఉంటా, స్కూటీ తప్ప వేరే తెల్వదు, మా ఆయన స్ప్లెండర్ నాకొస్తదా అని. వచ్చింది!

సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, నాకు రెండు కాళ్లు పూర్తిగ ఆనవు. "ఆపేటప్పుడు ఎడమ కాలొక్కటి ఆనితె చాలు, కుడికాలు బ్రేకు మీదుంచు" అన్న అక్కకు దండం.

మొదటి వారమంతా హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ల, పొద్దుగాల 6 గంటలకు. ఎక్సలేటర్ ముట్టకుండ క్లచ్ మెల్లగ వదులుడే పని. బండి సన్నగ వణుకుతది చూడుండ్రి, ఆడ వేళ్లు ఆపాలె. అది దొరికేదాక 20 సార్లు బంద్ పడ్డది. వాకింగ్‌కొచ్చిన పెద్దమనిషి లెక్కపెట్టిండు మరి!

ఒకసారి పడ్డ కూడ. న్యూట్రలే అనుకొని క్లచ్ ఇడిసిన, ఫస్ట్ గేర్ల ఉండె. మోకాలు గీసుకపోయింది, క్లచ్ లివర్ వంగింది. మా ఆయన ముందుగాల లివరే చూసిండు. ఇప్పుడు మీటర్ల న్యూట్రల్ పచ్చలైటు చూడంది క్లచ్ మీదికెల్లి చెయ్యి తియ్య. చున్నీ ఇంట్లనే, చక్రంల చిక్కుతదని.

నా పాత లైసెన్సు గేర్ లేని బండిది. కొత్త లర్నింగ్‌కు 30 రోజులు నిండినయి, టెస్టుకు స్లాట్ బుక్ చేసిన. కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌ల ఆగి మళ్ల కదులుడు మాత్రం ఇంక భయమే. ఎట్ల చేస్తరో చెప్పుండ్రి.