పాత గిటార్ అమ్ముదామంటే తీగలు దిగట్లేదు, ఎవరైనా చెప్పండి బాబూ

జీడిపప్పు పలాస:
అన్నలూ, పొద్దున్న తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు మూడున్నర, ఇంకా అన్నం కూడా తిన్లేదు. మా చిన్నాన్నది పాత గిటార్ ఒకటుంది, హ్యాండ్‌మేడ్, 1968లో కొన్నది, అమ్మకానికి పెట్టి మూడు వారాలైంది. ముగ్గురొచ్చారు, ముగ్గురూ చెయ్యేసి చూసి "తీగలు ఇంతెత్తున ఉన్నాయేటి, మెడ వంగిపోయినట్టుంది" అనీసి ఎల్లిపోనారు. సరే నేనే దించుదామని వీడియో చూసి బ్రిడ్జి మీద, అదే పైచెక్క మీద తీగలు కట్టీ పట్టీ మీద, తెల్ల ఎముక ముక్క ఉంటాది కదా, దాన్ని గరుకు కాయితం మీద రుద్దుతున్నాను, సగం అరిగిపోయింది గానీ తీగ మాత్రం దిగినట్టే లేదు. మెడ లోపల వంపు సరిచేసీ ఇనప కడ్డీ ఉంటాదంట, ట్రస్ రాడ్, దాని బోల్టు తిప్పమన్నాడు వీడియోలో, లోపల టార్చి వేసి చూస్తే బోల్టూ లేదు ఏటీ లేదు, చచ్చిన బొద్దింకొకటి ఉంది. దీన్ని దించడం ఎలగ? ఎంతకి అమ్మొచ్చు? ఆదివారం ఇంకొకాయన చూడ్డానికొస్తానన్నారు, అర్జెంటు.

సౌండ్‌హోల్:
ఫొటో.

జీడిపప్పు పలాస:
ఫోన్ కెమెరా పోయింది సార్. మామూలు గిటారే, పసుపు రంగు, ఆరు తీగలు.

సౌండ్‌హోల్:
నైలానా స్టీలా? లోపల చీటీ ఉందా? ముందు రుద్దడం ఆపండి.

జీడిపప్పు పలాస:
స్టీలే. చీటీ ఉండేది, చెదలు తినీసింది, "కలకత్తా" అని ఒక్క ముక్క మిగిలింది.

బొబ్బిలి వీణాభిమాని:
నాయనా, ఏమీ అనుకోకు, హ్యాండ్‌మేడ్ అని ఎవరు పడితే వాళ్లు అనీడమే. హ్యాండ్‌మేడ్ అంటే ఏంటో చూడాలంటే బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్లి చూడు. ఒకే పనస దుంగలోంచి కుండా దండీ కలిపి తొలుస్తారు, ఎక్కడా అతుకుండదు, ఏకాండి వీణ అంటారు. ఆ ఉలి దెబ్బలు వింటుంటేనే ప్రాణం లేచొస్తుంది. తర్వాత 24 మెట్లూ మైనంలో కూర్చోబెట్టి చెవితో సరిచేసుకుంటారు, స్కేలు పెట్టి కాదు. మన ఇంటి పక్కన అంత విద్య పెట్టుకుని కలకత్తా చెక్కపెట్టెల మీద ఈ మోజేంటో నాకర్థం కాదు.

సౌండ్‌హోల్:
ఆయన అడిగింది గిటార్ గురించి.

మూడు లాంతర్లు:
ప్రకటనలో "వింటేజ్ యాంటిక్" అని రాసారు, అది మార్చండి ముందు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు అనాలంటే వందేళ్లు నిండాలి. మీది 1968 అంటున్నారు, వింటేజ్ అనొచ్చు, యాంటిక్ అనకూడదు.

జీడిపప్పు పలాస:
మాస్టారూ, నేను పోలీస్ స్టేషన్‌కి కాదు, గిటార్ అమ్ముకోడానికొచ్చాను.

గజపతినగరం వడ్రంగి:
తమ్ముడూ, అది ఎక్కడుండేది ఇన్నాళ్లూ?

జీడిపప్పు పలాస:
అటక మీద. 2018లో తిత్లీ తుపానుకి పెంకులు లేచిపోనప్పుడు కొంచెం తడిసింది, ఎండలో పెట్టీసాం.

గజపతినగరం వడ్రంగి:
ఎండలో పెట్టారా, హరి హరీ. తడిసిన చెక్కని ఎండలో పెడితే బీటలు తీస్తాది. ఆరు ఇనప తీగలూ కలిపి దగ్గర దగ్గర 70 కిలోల బరువు లాగుతుంటాయి, అంత లాగుడికి పైచెక్క ఉబ్బుతాది, బ్రిడ్జి ఎనక్కి లేస్తాది. ముందు తీగలన్నీ వదులు చెయ్. బ్రిడ్జి ఎనకాల పోస్టుకార్డు మూల దూర్చి చూడు, లోపలికెళ్తే అతుకు ఊడుతున్నట్టే. ఫెవిక్విక్ మాత్రం పొయ్యకు, పోస్తే మళ్లీ ఎవుడూ బాగుచెయ్యలేడు. పాతవాటికి సరేసు, అదే జంతు చర్మాల జిగురు, వాడీవోరు, వేడి తగిల్తే ఊడొస్తాది, మళ్లీ అతికించుకోవచ్చు. 12వ మెట్టు దగ్గర తీగ కింద ఎంత సందుంది?

జీడిపప్పు పలాస:
చిటికెన వేలు దూరిపోతోందన్నా. కార్డు దూరట్లేదు.

బొబ్బిలి వీణాభిమాని:
ఫ్రెట్ అనకుండా మెట్టు అన్నారు, సంతోషం.

సౌండ్‌హోల్:
గిటార్‌ది ఫ్రెట్టే.

బొబ్బిలి వీణాభిమాని:
వయొలిన్ కూడా బయట నుంచే వచ్చింది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరంలోనే కదా వాయించి చూపించారు, దానికి తెలుగు మాటలు వాడుకోలేదా?

ఖరగ్‌పూర్ రిటైర్డ్:
లేటుగా చూసాను. బాబూ, 12వ దాని సంగతి వదిలీ. తల దగ్గర, అంటే మొదటి ఫ్రెట్ దగ్గర ఎంత ఎత్తుంది తీగ?

జీడిపప్పు పలాస:
అక్కడా అంతేనండి, వేలు దూరిపోతోంది.

ఖరగ్‌పూర్ రిటైర్డ్:
అలా చెప్పు మరి. మెడ వంగినా బ్రిడ్జి లేచినా మధ్యలో, కింద ఎత్తొస్తాది గానీ తల దగ్గర రాదు. రెండు చోట్లా ఎత్తుందంటే కావాలని ఎత్తు పెట్టిందే. మీ చిన్నాన్న నిలబెట్టుకుని వాయించీవారా, ఒళ్లో పడుకోబెట్టుకుని వాయించీవారా?

జీడిపప్పు పలాస:
ఒళ్లోనేనండి, మంచం మీద కూర్చుని. ఆయన ఖరగ్‌పూర్ రైల్వేలోనే చేసారు. వయసు వల్ల అలా పెట్టుకునీవారేమో అనుకున్నాను. అన్నట్టు పెట్టెలో ఇనప కడ్డీ ఒకటుండేది, వేలంత పొడుగు, నున్నగా. దేనికో తెలీక మా ఆవిడ ఎల్లుల్లి దంచుకోడానికి వంటింట్లో పెట్టుకుంది.

ఖరగ్‌పూర్ రిటైర్డ్:
😂 అది హవాయీ గిటార్ బాబూ! ఆ కడ్డీ తీగల మీద జార్చుతూ వాయిస్తారు, తీగ ఫ్రెట్‌కి తగలకూడదనే అంత ఎత్తు. బెంగాల్లో ఆ రోజుల్లో దీనికున్న పిచ్చి ఇంతా అంతా కాదు, మా క్వార్టర్స్‌లో సాయంత్రమైతే రెండిళ్లకొకటి మోగీది. తీగలు మామూలు గిటార్‌లా కాదు, లావు తీగ నుంచి సన్న తీగకి ఇ, ఎ, ఇ, ఎ, సి షార్ప్, ఇ అనే స్వరాలకి కడతారు. విశ్వమోహన్ భట్ గారికి 1994లో గ్రామీ వచ్చింది కూడా ఒళ్లో పెట్టుకుని వాయించేదానికే, గిటార్‌నే మార్చి చేసుకున్నారు, మోహనవీణ అని.

బొబ్బిలి వీణాభిమాని:
గిటార్‌కి వీణ అని పేరు పెట్టడమేంటండీ? అన్యాయం కాదూ?

మూడు లాంతర్లు:
స్లైడ్ గిటార్ అనాలి కదా.

ఖరగ్‌పూర్ రిటైర్డ్:
మేం హవాయీ అనే అనీవాళ్లం. బాబూ, తల దగ్గర గాట్లున్న లోహపు ముక్క ఉంటే చూడు, తీగలు వదులు చేస్తే కొన్నిటికి ఊడొచ్చీస్తాది, కింద మామూలు నట్, అంటే తల దగ్గర తీగలు ఆనీ పట్టీ, ఉంటాది. అప్పుడు మామూలు గిటార్‌లా కూడా పనికిరావచ్చు, మెడ వెనక చదునుగా పలకలా ఉంటే మాత్రం కాదు. ప్రకటనలో హవాయీ అని రాయి, వచ్చీవాళ్లే వేరే వస్తారు.

జీడిపప్పు పలాస:
ముక్క ఊడింది సార్!! కింద ఇంకో నట్ ఉంది. మరి నేను అరగదీసిన ఎముక?

సౌండ్‌హోల్:
కొత్తది చేయించాలి. ధర నన్నడక్కండి.

జీడిపప్పు పలాస:
సరే థాంక్సండి అందరికీ. కడ్డీ దొరికింది, నిమ్మకాయ పెట్టి రుద్దినా ఎల్లుల్లి వాసన పోట్లేదు.

మూడు లాంతర్లు:
ప్రకటనలో యాంటిక్ ఇంకా అలాగే ఉంది.

గజపతినగరం వడ్రంగి:
ఆదివారం ఏమైంది తమ్ముడూ? అమ్మీసారా?