ఒకే చీరకు రెండు చోట్ల ఆర్డర్ పడుతోంది, లిస్టింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే ఈ బెడద పోతుందా?

మంగళగిరి చేనేత: అందరికీ నమస్కారం. మాది చీరలు, డ్రెస్ మెటీరియల్, కుట్టిన కుర్తీల వ్యాపారం. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోలో పెడుతున్నాం. షాపిఫైలో సొంత సైటు కూడా ఉంది. అన్నీ కలిపి నాలుగు వందల రకాల దాకా ఉంటాయి. స్టాక్ అంతా మా తమ్ముడు ఎక్సెల్‌లో రాస్తాడు. పండగ రోజుల్లో వాడు అక్కడ తగ్గించేలోపే ఇక్కడ ఇంకో ఆర్డర్ పడుతోంది. ఒకటి క్యాన్సిల్ చేయక తప్పట్లేదు, చేసిన ప్రతిసారీ సెల్లర్ రేటింగ్ దెబ్బతింటోంది. యూనికామర్స్, ఈజీఈకామ్, జోహో ఇన్వెంటరీ అనే సాఫ్ట్‌వేర్ల పేర్లు విన్నాను. వీటిలో ఏది నయం?

గుంటూరు సెల్లర్: జోహో తీసుకోండి అన్నా, చిన్న వాళ్లకు అది చాలు.

పోచంపల్లి ఇకత్: చాలో లేదో అప్పుడే చెప్పలేం గుంటూరు అన్నా. వాళ్లు నాలుగు చోట్ల అమ్ముతున్నారు. ఆ నాలుగింటికీ నేరుగా కనెక్షన్ ఉందా, లేక మధ్యలో ఇంకొకరి యాప్ పెట్టుకోవాలా అన్నది ముందు తేలాలి. వెబ్‌సైటులో లోగోలు చూసి నమ్మొద్దు. డెమోలో మీ సొంత అకౌంటే కలిపి చూపించమనండి.

మంగళగిరి అన్నా, అసలు ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చెప్తాను. కొద్ది నిమిషాలకోసారి ప్రతి సైటుకూ వెళ్లి కొత్త ఆర్డర్లు తెచ్చుకుంటుంది. మీ స్టాక్‌లోంచి తగ్గించి, మిగిలిన లెక్కను అన్ని చోట్లకూ పంపుతుంది. ఆ కొద్ది నిమిషాల సందులో రెండో కస్టమర్ కొనేస్తే మీ బాధ మళ్లీ మొదటికే. అందుకే బఫర్ పెట్టుకోమంటారు. అంటే చేతిలో పది ఉంటే బయటికి ఎనిమిదే చూపించడం.

అయితే చేనేతలో సగం సరుకు ఒక్కటే పీసు. దానికి బఫర్ ఒకటి పెడితే స్టాక్ సున్నా, ఎక్కడా కనిపించదు. పెట్టకపోతే మీరు చెప్పిన గొడవే. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నా ఇది తీరదు. మేం ఏం చేస్తున్నామంటే, మళ్లీ నేయించగలిగే డిజైన్లు మాత్రమే అన్ని చోట్లా పెడుతున్నాం. సింగిల్ పీసులు మా సైటులో, వాట్సాప్‌లో తప్ప ఇంకెక్కడా పెట్టం. క్యాన్సిల్ గొడవ చాలావరకు దీంతోనే తగ్గింది. సాఫ్ట్‌వేర్ తర్వాత వచ్చింది.

మంగళగిరి చేనేత: ఇది మాకు తట్టనే లేదు. మరి రిపీట్ డిజైన్లకైనా సాఫ్ట్‌వేర్ కావాలి కదండీ. దానికి ముందు మేం ఏం సిద్ధం చేసుకోవాలి?

పోచంపల్లి ఇకత్: ఎస్కేయూలు, అంటే ఒక్కో రకానికి మనం పెట్టుకునే కోడ్‌లు. మెరూన్ రంగు, నిజాం అంచు కాటన్ చీర ఒకటి ఉందనుకోండి. దానికి అమెజాన్ ఒక ఏసిన్ ఇస్తుంది, ఫ్లిప్‌కార్ట్ ఒక ఎఫ్ఎస్ఎన్ ఇస్తుంది. అవి వాళ్ల నంబర్లు, మన చేతిలో ఉండవు. సెల్లర్ ఎస్కేయూ అనే గడి మాత్రం మనదే. అన్ని చోట్లా అక్కడ ఒకే కోడ్ ఉంటే సాఫ్ట్‌వేర్ దానంతటదే జత చేసుకుంటుంది. ఒకచోట ‘మెరూన్ 12’ అని, ఇంకోచోట ‘ఎంఆర్‌ఎన్ నిజాం’ అని ఉంటే ఒక్కొక్కటీ మీరే కూర్చుని మ్యాపింగ్ చేయాలి, అంటే ఏ కోడ్ ఏ సరుకుదో జత చేసి చూపించాలి. నాలుగు వందల రకాలు నాలుగు చోట్లంటే ఎంత పనో మీరే లెక్కేసుకోండి.

అలాగని పాత కోడ్‌లు మార్చడానికి దిగకండి. అమెజాన్‌లో ఒకసారి ఇచ్చిన ఎస్కేయూను దిద్దే వీలుండదు, కొత్త కోడ్‌తో మళ్లీ పెట్టుకోవాల్సిందే. పాతవి మ్యాపింగ్‌తో నడపండి, కొత్త సరుకుకు మాత్రం ఒకే పద్ధతి పాటించండి. కోడ్‌ను సున్నాతో మొదలుపెట్టొద్దు, ఎక్సెల్ ఆ సున్నాను మింగేస్తుంది. 890తో మొదలయ్యే పదమూడంకెల బార్‌కోడ్‌లు ఉంటే ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే అది 8.9 పక్కన ఏవో గుర్తులు పెట్టి చూపిస్తుంది. ఆ ఫైలు అలాగే సేవ్ చేసి అప్‌లోడ్ చేస్తే చివరి అంకెలన్నీ గల్లంతే.

విజయవాడ లెక్కలు: ఆ షీటులోనే హెచ్ఎస్ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని చెప్పే నంబరు), జీఎస్టీ కాలమ్‌లు కూడా వేయండి. చీర కుట్టని బట్ట కిందికి వస్తుంది, ధర ఎంతైనా 5 శాతమే. కుర్తీ లెక్క వేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు ధర రూ.2,500 దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం. ఆఫర్‌లో ధర ఆ గీతకు అటూ ఇటూ మారితే పన్ను రేటు కూడా దానంతటదే మారుతుందా అని డెమోలో అడగండి. చాలామంది అడగరు, జీఎస్టీ రిటర్నులు వేసే రోజు మా దగ్గరికి పరిగెత్తుకొస్తారు.

ఇంకోటి. టీసీఎస్, అంటే జీఎస్టీ కింద సైట్లు మన పేమెంటులోంచి ముందే పట్టుకునే పన్ను, 2024 జులై 10 నుంచి 1 శాతం కాదు, 0.5 శాతం. పాత రేటు పెట్టి పేమెంట్లు సరిచూసే షీట్లు ఇంకా తిరుగుతున్నాయి.

గుంటూరు సెల్లర్: అమెజాన్ గోడౌన్‌లో కూడా సరుకు పెట్టారా అన్నా? పెడితే ఆ స్టాక్‌ను ఇంటి స్టాక్‌తో కలపకుండా వేరే లొకేషన్‌గా చూపించాలి. కలిపేస్తే గోడౌన్‌లో ఉన్న చీరను మీషోలో అమ్మేస్తారు.

మంగళగిరి చేనేత: లేదన్నా, అంతా ఇంటి నుంచే. వాపసు వచ్చేవి మాత్రం ఎక్కువ. అవి స్టాక్‌లోకి ఎలా వస్తాయి?

పోచంపల్లి ఇకత్: ఇది తప్పకుండా చూసుకోవాలి. కస్టమర్ రిటర్న్ నొక్కగానే స్టాక్ పెంచేసే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. పార్సిల్ ఇంటికి రావాలి, మడత విప్పి మరక, పోగు, జాకెట్ ముక్క చూసుకోవాలి, బాగుందని మీరు నొక్కాకే స్టాక్‌లో కలవాలి. జాకెట్ ముక్క కోసేసుకుని చీర వెనక్కి పంపే మహానుభావులు కూడా ఉంటారు.

రెండు చీరలు కలిపి కాంబోగా అమ్ముతుంటే అదీ అడగండి. కాంబో ఒకటి పోతే విడిగా పెట్టిన ఆ రెండింటిలోనూ ఒక్కొక్కటి తగ్గాలి.

మంగళగిరి చేనేత: కొత్త లిస్టింగులు కూడా ఒకేసారి నాలుగు చోట్లా పెట్టొచ్చా? ఒక కంపెనీ వాళ్లు ఫోన్‌లో ఒక్క క్లిక్ అన్నారు.

పోచంపల్లి ఇకత్: ఆ ఒక్క క్లిక్‌ను పెద్దగా నమ్మకండి. ఒక్కో సైటుకు ఒక్కో వరస. అమెజాన్‌లో మొదటి ఫొటోకు తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి, ఫ్రేములో 85 శాతం సరుకే కనిపించాలి. ఇంకో సైటు అంచు రకం, జాకెట్ ముక్క పొడవు నింపమంటుంది. తయారీదారు పేరు, ఏ దేశంలో తయారైంది, ఎమ్మార్పీ లాంటివి ఎటూ తప్పవు. ఇవన్నీ ఒకే షీటులో ముందే నింపి పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ సాయం చేస్తుంది. ఖాళీ గడులు అది నింపదు. ఇంకా నష్టమేంటంటే, పాత లిస్టింగును దిద్దడానికి ఫుల్ అప్‌డేట్ పెట్టి కొన్ని గడులు ఖాళీగా పంపితే అంతకుముందు ఉన్న వివరాలు కూడా ఎగిరిపోవచ్చు. రెండు గడులు మార్చాలంటే పార్షియల్ అప్‌డేట్ వాడండి.

మంగళగిరి చేనేత: సరే. ఇప్పుడే మొదలుపెడితే దసరాకల్లా గాడిన పడుతుందా?

పోచంపల్లి ఇకత్: రెండు నెలలైనా చేతిలో ఉంటే మొదలుపెట్టండి, లేదంటే దీపావళి అయ్యాక చూసుకోండి. మొదట మీ సైటు, అమ్మే చోట్లలో ఇంకొక్కటి మాత్రమే కలపండి. స్టాక్ సింక్ (లెక్కను అన్ని సైట్లకూ పంపే సెట్టింగ్) ఆఫ్‌లో పెట్టి, బీరువాలో ఉన్నవి లెక్కపెట్టి ఎక్కించాకే ఆన్ చేయండి. ముందే ఆన్ చేస్తే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సున్నా అన్ని చోట్లకూ వెళ్లి లిస్టింగులన్నీ అవుటాఫ్ స్టాక్ అయిపోతాయి. ధరల సింక్ జోలికి అప్పుడే పోవద్దు. డబ్బు ఏడాదికి ఒకేసారి కట్టమంటే వద్దనండి, నెలవారీ ప్లానే అడగండి. ట్రయల్‌లో మీ తమ్ముడినే కూర్చోబెట్టండి, రేపు రోజూ వాడాల్సింది తనే.