ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంట్) నీళ్లకి ఆర్వో ముందు ప్రీట్రీట్‌మెంట్ ఏం మార్చాలి?

గంటకి 20 క్యూబిక్ మీటర్ల ప్లాంట్. క్లారిఫైయర్ నీళ్లలో ఆలం 30 పీపీఎం లైన్‌లోనే కలిపి శాండ్ ఫిల్టర్, తర్వాత ఎస్ఎంబీఎస్ (క్లోరిన్‌ని తీసేసే సోడియం మెటాబైసల్ఫైట్), 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్, ఆర్వో. యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్) లేదు. ఫిల్టర్ తర్వాత టర్బిడిటీ (మసక) 2 ఎన్టీయూ, ఎస్డీఐ (మెంబ్రేన్‌ని మూసేసే సన్నని మలినాల సూచిక) 5.5.

కార్ట్రిడ్జ్ నాలుగు రోజులకే గోధుమరంగు జిగురు పట్టేస్తోంది. వేలితో రాస్తే జారుతుంది, మురుగు వాసన. ఆర్వో మొదటి స్టేజ్ డీపీ (లోపలికి, బయటికి మధ్య ప్రెషర్ తేడా) మూడు వారాల్లో 1.2 నుంచి 2.1 బార్‌కి పెరిగింది, రెండోది కదల్లేదు. పీహెచ్ 12 కాస్టిక్ వాష్‌కి దిగుతుంది, పది రోజుల్లో మళ్లీ మొదలు. యాసిడ్ వాష్‌తో పెద్దగా తేడా లేదు. కెమికల్ సప్లయర్ మాత్రం యాంటీస్కేలెంట్ (స్కేల్, అంటే లవణాల పొర కట్టకుండా వేసే కెమికల్) పెంచమంటున్నారు. స్కేల్ అయితే చివరి ఎలిమెంట్లలో కదా మొదలవ్వాలి!

జార్ టెస్ట్‌లో ఫెర్రిక్ క్లోరైడ్ 15 పీపీఎంకి, పీహెచ్ 6.5 దగ్గర, ఫ్లాక్ (మలినాల ముద్దలు) బాగా కట్టింది, కానీ పది నిమిషాలు నెమ్మదిగా కలిపితేనే. ఆ టైం ఇవ్వడానికి ఫ్లాక్యులేషన్ ట్యాంక్ పెడితే ఎస్డీఐ 3 లోపుకి వస్తుందా, లేక యూఎఫ్ తప్పదా?

ఇంకొకటి: నీళ్లలో అమ్మోనియా 6 పీపీఎం ఉంది, హైపో (సోడియం హైపోక్లోరైట్) వేస్తే ఎలాగూ దాంతో కలిసి క్లోరమిన్ అవుతుంది. ఎస్ఎంబీఎస్ ఆపి 1–2 పీపీఎం క్లోరమిన్ మెంబ్రేన్ దాకా పోనివ్వచ్చా? ఫెర్రిక్ నుంచి ఇనుము జారితే, క్లోరమిన్‌తో కలిసి మెంబ్రేన్ పాలిఅమైడ్ పొర ఆక్సిడైజ్ అవుతుందని భయం. ఈ రెండూ కలిపి నడిపినవాళ్లు ఇనుము ఎంత లోపు ఉంచారో చెప్పండి.