పాత కావసాకి కాంకర్స్ ముందు ఫోర్కు స్ప్రింగులు: ప్రీలోడ్ పెంచితే సరిపోతుందా, స్ప్రింగులే మార్చాలా?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర 2003 నాటి కావసాకి కాంకర్స్ మోటారుసైకిలు ఉంది. 1986 నుంచి 2006 వరకు ఇంచుమించు అదే రూపంలో తయారైన, 997 సీసీ ఇంజను, షాఫ్ట్ డ్రైవు గల పాత తరం బండి ఇది. దాదాపు 28 లీటర్ల ట్యాంకు నిండినప్పుడు బరువంతా పైకి, ముందుకు చేరినట్టు అనిపిస్తుంది. గత నెలలో సామాను పెట్టెలతో ఓక్లహోమాలోని టాలిహినా నుంచి ఆర్కన్సాలోని మీనా దాకా కొండ అంచున సాగే టాలిమెనా రోడ్డు మీద వెళ్ళాను. దిగుడు మలుపుల ముందు బ్రేకు వేసిన ప్రతిసారీ ముందు భాగం ఒక్కసారిగా కుంగిపోయింది, రోడ్డు అతుకులు తగిలినప్పుడు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే, లోపల స్ప్రింగులుండే గొట్టాల జత) అడుగంటిన చప్పుడు, అంటే కదలిక చివరిదాకా వెళ్ళి కొట్టుకున్న చప్పుడు, కూడా వినిపించింది.

ఫోర్కు గొట్టానికి ప్లాస్టిక్ టై కట్టి చూస్తే, నేను కూర్చున్నప్పుడు 140 మి.మీ. కదలికలో 62 మి.మీ. అప్పటికే కుంగి ఉంది. స్ప్రింగు మీద కూర్చునే స్పేసర్ గొట్టాన్ని 25 మి.మీ. పొడవుగా కోసి వేస్తే చాలునని, కొత్త స్ప్రింగులు దండగ అని ఒక మిత్రుడు అంటున్నాడు. ఆ మాట సరైనదేనా? కొనవలసి వస్తే ఒకే గట్టిదనం గలవి తీసుకోవాలా, నొక్కేకొద్దీ గట్టిపడే ప్రోగ్రెసివ్ రకమా?

మొదటి జవాబు (న్యూజెర్సీ నుంచి)

మీ మిత్రుడి సలహా వల్ల ముందు భాగం ఎత్తు పెరుగుతుంది, కానీ మీరు చెప్పిన జబ్బు నయం కాదు. ఈ రెండింటికీ తేడా తెలియక చాలామంది డబ్బూ శ్రమా వృథా చేసుకోవడం చూశాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రీలోడ్ అంటే స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచడం. స్పేసర్ ఒక మిల్లీమీటరు పొడవైతే బండి ఇంచుమించు ఒక మిల్లీమీటరు పైకి లేచి నిలబడుతుంది, అంతే తప్ప స్ప్రింగు గట్టిదనం మారదు. ఉదాహరణకు మీ పాత స్ప్రింగు ఒక్కొక్కటి మిల్లీమీటరుకు 0.75 కిలోల గట్టిదనం గలదనుకుందాం. రెండూ కలిసి 1.5 కిలోలు. బ్రేకు వేసినప్పుడు ముందు భాగం మీదికి అదనంగా 60 కిలోల బరువు వస్తే, ఫోర్కు లోపలి గాలి ఇచ్చే సాయాన్నీ ఫోర్కు వాలునూ పక్కన పెట్టి చూస్తే, అది 40 మి.మీ. కుంగుతుంది. స్పేసర్ ఎంత పొడవుగా వేసినా ఈ 40 అలాగే ఉంటుంది. అదే ఒక్కొక్కటి 1.0 కిలో గల స్ప్రింగులైతే కుంగుడు 30 మి.మీ.కు తగ్గుతుంది. పైగా స్పేసర్ మరీ పొడవైతే, చక్రం గుంతలోకి దిగవలసినప్పుడు కిందికి సాగడానికి ఫోర్కులో చోటు మిగలదు.

అయితే కొనేముందు కొలత సరిచూసుకోండి. మీరు ఒక్కసారే కొలిచినట్టున్నారు. సీళ్ళ రాపిడి వల్ల ఫోర్కు ఎప్పుడూ ఒకే చోట ఆగదు. ముందు భాగాన్ని నొక్కి మెల్లగా వదిలి ఒకసారి, పైకి ఎత్తి మెల్లగా దించి మరొకసారి కొలిచి, రెండింటి సగటు తీసుకోండి. రెండు కొలతల మధ్య తేడా 20 మి.మీ. దాటితే స్ప్రింగుల కంటే ముందు బుష్‌లనూ సీళ్ళనూ, ఇరుసు బిగించిన తీరునూ చూడాలి. రోడ్డు మీద తిరిగే బండికి మనిషితో సహా కుంగుడు 35 నుంచి 40 మి.మీ. ఉంటే నాకు నచ్చుతుంది.

ప్రోగ్రెసివ్ స్ప్రింగులో దగ్గరగా చుట్టిన చుట్లు ముందుగా మూసుకుపోతాయి, ఆ తరువాత మిగిలినవి గట్టిగా పనిచేస్తాయి. మీ బండి ఫోర్కు డ్యాంపర్ రాడ్ రకం, అంటే నూనె స్థిరమైన రంధ్రాల గుండా పోతుంది. ఆ రంధ్రాలను, నూనె చిక్కదనాన్ని ఏదో ఒక గట్టిదనానికే సరిపెట్టగలం, గట్టిదనం దారిలో మారుతూ పోతే మొదట బిగుతుగానూ చివర వదులుగానూ అనిపిస్తుంది. అందుకే నా ఓటు ఒకే గట్టిదనం గల స్ప్రింగులకే. ఎప్పుడో ఒకసారి మాత్రమే సామాను వేసుకుని, మిగతా కాలం ఖాళీగా తిరిగేవారికి ప్రోగ్రెసివ్ కూడా పనికొస్తుందని ఒప్పుకుంటాను.

రెండవ జవాబు (విజయవాడ నుంచి)

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350. బండి వేరైనా బాధ ఒకటే కనుక రాస్తున్నాను. శ్రీశైలం ఘాటులో ఇదే కుంగుడుతో విసిగి, ఒక మెకానిక్ దగ్గర ఫోర్కు గొట్టాల పై మూత కింద వాషర్లు వేయించుకున్నాను. ముందు భాగం ఎత్తయింది గానీ బ్రేకు వేస్తే మునుపటిలాగే ముక్కు నేలను చూసింది. తరువాత విప్పి చూస్తే ఫోర్కులో పోసినది ఫోర్కు నూనె కాదు, ఇంజన్ ఆయిల్. అదీ ఫోర్కు రెండు కాళ్ళలో, అంటే రెండు గొట్టాలలో, సమానంగా లేదు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా కష్టం వేసింది, ఎందుకంటే ఆ ఘాటులో నా వెనుక మా ఆవిడ కూర్చుని ఉంది.

కాబట్టి స్ప్రింగులు మార్చే రోజునే నూనె కూడా మార్చండి. పోసిన పరిమాణాన్ని నమ్మకండి, మట్టాన్ని కొలవండి. స్ప్రింగు బయటికి తీసి, ఫోర్కును పూర్తిగా నొక్కి ఉంచి, గొట్టం పై అంచు నుంచి నూనె దాకా ఎంత ఖాళీ ఉందో స్కేలుతో చూడాలి, రెండు కాళ్ళలోనూ అది ఒకే విధంగా ఉండాలి. ఆ ఖాళీలోని గాలి కూడా ఒక స్ప్రింగే. మట్టం 10 మి.మీ. పెంచితే చివరి భాగంలో ఫోర్కు గట్టిపడి, అడుగంటడం తగ్గుతుంది. డబ్బా మీద ఒకే వెయిట్ (చిక్కదనపు అంకె) రాసి ఉన్నా ఒక్కో కంపెనీ నూనె ఒక్కో చిక్కదనంతో వస్తుంది కనుక, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్స్ (దాని కొలమానం) ఉందో చూసి కొనడం మంచిది.

ఇంకొకటి. కోన్‌సెట్‌లో (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులలో) లూజు ఉంటే ఏ స్ప్రింగు వేసినా హ్యాండిల్ వణుకు పోదు. ముందు చక్రం పైకెత్తినప్పుడే అది కూడా పరీక్షించండి.

మూడవ జవాబు (లండన్ నుంచి)

పైన ఇద్దరూ చెప్పినవాటితో ఏకీభవిస్తున్నాను. పని చేసేటప్పటి జాగ్రత్త ఒక్కటే చేరుస్తాను. ఫోర్కు మూత తిప్పే ముందు, గొట్టాన్ని పైన పట్టి ఉంచే క్లాంపు బోల్టును వదులు చేయండి, లేకపోతే మూత మరలు పట్టేస్తాయి. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజను కింద జాకీ పెట్టి ముందు చక్రం మీద బరువు లేకుండా చూసుకోండి. చివరి మరలు ఊడేటప్పుడు స్ప్రింగు మూతను పైకి విసురుతుంది, ముఖం దానికి ఎదురుగా పెట్టకండి. తిరిగి బిగించేటప్పుడు సన్నని మరలు అడ్డంగా పడితే మూతతో పాటు గొట్టం కూడా పాడవుతుంది.

స్ప్రింగు కింద, డ్యాంపర్ రాడ్ పైన కూర్చుని నూనె ప్రవాహాన్ని అదుపు చేసే ఎమ్యులేటర్ వాల్వును ఎవరైనా సిఫారసు చేయవచ్చు. అది మంచి వస్తువే. కానీ దానికోసం డ్యాంపర్ రాడ్‌లో రంధ్రాలు పెద్దవి చేయాలి, స్పేసర్‌ను దాని ఎత్తు మేరకు తగ్గించాలి. మొదట స్ప్రింగులు, నూనె మార్చి కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక అవసరమనిపిస్తే ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారి తిరుగు సమాధానం (మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. రెండు విధాలుగా కొలిస్తే 62, 46 వచ్చాయి, సగటు 54 మి.మీ. నా మొదటి కొలతలో రాపిడి ఎంత కలిసిపోయిందో అప్పుడు గాని తెలియలేదు. పాత స్ప్రింగును విప్పి, ఇంట్లో బరువు చూసుకునే యంత్రం మీద నిలబెట్టి 25 మి.మీ. నొక్కితే దాదాపు 19 కిలోలు చూపింది, అంటే మీరు ఉదాహరణగా తీసుకున్న 0.75 నా బండికి నిజంగానే సరిపోయింది.

1.0 కిలో గల స్ప్రింగులు వేశాను. స్పేసర్‌ను పీవీసీ గొట్టంతో చేసి, చివరలు చదునుగా కోసి, పైనా కిందా వాషర్లు పెట్టి, ప్రీలోడ్ 20 మి.మీ. వచ్చేలా సరిచూశాను. పాత నూనె బూడిదరంగులో, లోహపు పొడితో బయటికి వచ్చింది. కొత్త నూనెను రెండు కాళ్ళలోనూ ఒకే మట్టానికి పోశాను. ఇప్పుడు కుంగుడు సగటున 39 మి.మీ.

మొన్న ఆదివారం నిండు ట్యాంకుతో మళ్ళీ అదే రోడ్డు మీదికి వెళ్ళాను. దిగుడు మలుపుల్లో బ్రేకు వేసినా ముందు భాగం కొంతే వంగి నిలిచింది, అడుగంటిన చప్పుడు ఒక్కసారీ వినలేదు. అయితే ముందు భాగం ఎత్తు పెరగడంతో మలుపులోకి వాలడానికి బండి కొంచెం బద్ధకిస్తోంది. వెనుక షాకబ్జర్ కూడా అలసిపోయినట్టుంది. వచ్చే వారం వెనుక కుంగుడును కూడా ఇదే పద్ధతిలో కొలిచి, ఆ అంకెలు ఇక్కడ రాస్తాను.